అతిథి చెప్పుల జత

నది మెట్రోలోకి దిగిన ఆ పెద్ద వరదకు అది అయిదో ఏడు. బ్రోద్ స్టేషన్‌ను బాగుచేయడానికి మూసి నాలుగు నెలలు దాటింది. మార్చి నెల, శుక్రవారం, పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది. మా ఇంట్లో ఫోన్ మోగడం తక్కువ.

బ్లజెనా. స్టేషన్ అడుగున పనివాళ్ల గదిని చూసుకునే మనిషి. టీ కాస్తుంది, సూపు వెచ్చబెడుతుంది, నేల తుడుస్తుంది. నేను సొరంగాల్లో పట్టాలు చూసుకుంటూ నడిచే ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆమె టికెట్ల కిటికీలో కూర్చునేది. ముప్ఫై ఒక్క ఏళ్లు నడిచాను. ఇప్పుడు తప్పిపోయినవాళ్లను వెతికిపెడుతున్నాను. గుమ్మం మీద బోర్డు లేదు. ఒకరు చెబితే ఇంకొకరు వస్తారు.

"రాళ్లు పరిచే ఇమ్రిఖ్ మంగళవారం మధ్యాహ్నం నుంచి కనబడడం లేదు. స్లొవాకియా వాడు. పెళ్లాం లేదు, తోబుట్టువులు లేరు. వాడేడని అడిగేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరూ లేరు, వెండెలిన్ గారూ. అందుకని నేను అడుగుతున్నా."

"పోలీసులు?"

"సొంతూరు పోయుంటాడన్నారు. మీరు రండి. పన్నెండు లోగా రండి."

"పన్నెండుకేమిటి?"

"ప్లాట్‌ఫాం చివర పాత పంపుల గదిని కాంక్రీటుతో నింపేస్తారు. మంగళవారం నుంచి ఈ స్టేషన్లో ఎవరూ తెరవని తలుపు అదొక్కటే."

కోటు తొడుక్కున్నాను. పట్టాల మీద నడిచిన రోజుల సుత్తి తలుపు వెనకే ఉంది. అది కూడా తీసుకున్నాను.

గేటు దగ్గర షుస్తర్ నిలబడి ఉన్నాడు. కాంట్రాక్టరు కాపలావాళ్లకు పెద్ద. అంతకుముందు పోలీసు. కిందటేడు వాడు చనిపోయిందని రాసి మూసేసిన ఒక ముసలామెను నేను ఆమె చెల్లెలింట్లోంచి పట్టుకొచ్చాను. వాడది మరిచిపోలేదు.

"తాతగారు వేంచేశారు! మెట్లకు మోకాళ్లు ఒప్పుకుంటాయా?"

"అరవై రెండు మెట్లే కదా."

"లెక్కపెట్టుకో, ఎక్కేటప్పుడు నూట ఇరవై అవుతాయి. ఇక్కడ కేసేమీ లేదు. పని నచ్చలేదు, పోయాడు. రా, చూపిస్తా. చూసి ఇంటికెళ్లు."

మెట్ల అడుగున, పనివాళ్ల గది పక్క గోడకు రెండు పలకలున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ల, దానిమీద అంకె. పనిలోకి దిగగానే బిళ్లను ఎర్ర పలకకు తగిలించాలి. పోయేటప్పుడు తెల్ల పలకకు మార్చాలి. ఎర్ర పలక మీద బిళ్ల ఉందంటే మనిషి భూమి కింద ఉన్నట్టు.

"గంటకోసారి నా మనిషి దిగివచ్చి అంకెలు రాసుకుంటాడు," అన్నాడు షుస్తర్. "ఇమ్రిఖ్‌ది నలభై ఒకటి. మంగళవారం రెండింటికి ఎర్ర పలక మీద ఉంది. మూడింటికి తెల్ల పలక మీద ఉంది. రబ్బరు బూట్లు పనివాళ్ల గదిలో వాడి అరలో ఉన్నాయి. ఊళ్లోకి వేసుకునే జోళ్లు లేవు. ఇంకేం కావాలి నీకు, పోస్టుకార్డు రాయాలా?"

"పైన గేటులో వాడు పోతుంటే చూసినవాళ్లు?"

"లోపలికొచ్చేవాళ్లనే రాస్తాం. పోయేవాళ్లనెందుకు రాయడం? చలవరాయి జేబులో పట్టదు."

తెల్ల పలక చూశాను. నలభై ఒకటి తన చోట వేలాడుతోంది. బిళ్లను ఎవరు తగిలించారో బిళ్ల చెప్పదు.

పనివాళ్ల గది గుమ్మంలో నేను జోళ్లు విడిచాను. షుస్తర్ కూడా విడిచాడు, నన్ను తిడుతూనే. గోడకు మేకులు, ఒక్కో మేకుకు ఒక్కొక్కరి లోపలి చెప్పులు, పైన పేర్లు. బయటివాళ్ల కోసం నేల మీద మూడు జతలు ఉన్నాయి. షుస్తర్ మేకు మీది తన జత తీసుకున్నాడు, నేను నడిమి జత తొడుక్కున్నాను. బ్లజెనా నా ముందు టీ పెట్టి, తను కూర్చోలేదు.

"మంగళవారం భోజనాలయ్యాక ఒంటిగంటకు అందరి చెప్పులూ ఉతికి హీటరు మీద ఆరేశా. రెండు దాటాక నేల తుడిచి, ఈ మూడు జతలూ వరసగా పెట్టి, పాలకోసం పైకెళ్లా. మూడింటికి వచ్చా. ఇమ్రిఖ్ చెప్పులు హీటరు మీద నేను వేసినట్టే ఉన్నాయి, తడిగా."

"మేజోళ్లతో వచ్చి పోయుంటాడు," అన్నాడు షుస్తర్.

"ఇమ్రిఖా! తడి నేల మీద వాడు మేజోళ్లతో నడవడు, బూట్లతో అసలే నడవడు. గుమ్మంలో నిలబడి 'అక్కా, ఆరిందా?' అని అడుగుతాడు. మీ మనుషుల్లా కాదు."

"ఈ మూడు జతల సంగతి?" అన్నాను.

"ముక్కులు లోపలివైపు పెడతా, వచ్చినవాడు నేరుగా కాలు దూర్చుకోవాలని. మూడింటికి చూస్తే పెద్ద జత ముక్కులు గుమ్మం వైపున్నాయి. ఎవరో తొడుక్కుని, లోపల తిరిగి, పోతూ విడిచారు. లోపల చెయ్యి పెట్టి చూడండి."

పెద్ద జత తీసుకుని చెయ్యి పెట్టాను. అడుగున గుడ్డ చెక్కలా బిగిసింది. పసుప్పచ్చగా ఒక పాదం ముద్ర ఉంది.

"రెండుసార్లు ఉతికా. పోలేదు."

షుస్తర్ నవ్వాడు. "చెప్పుల కేసు! పేపరువాళ్లను పిలవనా?"

అప్పుడే మేస్త్రీ లుద్విక్ వచ్చాడు. నలభైమంది పనివాళ్లకు పెద్ద. యాభై దాటినవాడు, భుజాలు వంగినవాడు. చెప్పు చూడగానే గుర్తుపట్టాడు.

"అది ఊట ఆపే బంక. గోడల్లోకి ఎక్కిస్తాం, నేలమీదా కారుతుంది. రెండు గంటలు జిగురుగా ఉండి తర్వాత రాయి అయిపోతుంది."

"మంగళవారం ఎక్కడ ఎక్కించారు?"

"పంపుల గదిలో. అక్కడొక్కచోటే. ఒంటిగంటకు ముగించాం."

"అంటే ఒంటిగంటకూ మూడింటికీ మధ్య ఎవడో అక్కడ తొక్కాడు. రబ్బరు బూట్లలో తొక్కితే మేజోడుకు అంటుతుందా?"

"అంటదు. ఆఫీసు జోళ్లయితే పైనుంచి లోపలికి దిగుతుంది."

"మీలో ఆఫీసు జోళ్లు వేసుకునేదెవరు?"

లుద్విక్ నేల చూశాడు. షుస్తర్ తన పాదాలు చూసుకున్నాడు. వాడివి చిన్న పాదాలు.

"ఆ తలుపు తెరిపించు, మేస్త్రీ."

"తాళంచెవి ఇంజినీరు క్వాపిల్ గారి దగ్గరుంది. తొందరగా అడగండి. కాంక్రీటు లారీ ముందే వచ్చేసింది. పన్నెండు కాదు, పదిన్నరకే పోస్తున్నాం."

గోడ గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. లుద్విక్ లారీ దగ్గరికి పైకి వెళ్లిపోయాడు.

క్వాపిల్ వచ్చాడు. చాలా పొడుగు మనిషి. గుమ్మంలో ఆగి, ఎవరూ చెప్పకుండానే జోళ్లు విడిచాడు. ఈ దేశంలో అందరం అంతే. వాళ్లమ్మ కూడా మా అమ్మలాగే చెవి మెలిపెట్టి నేర్పి ఉంటుంది. నేను పెద్ద జతను వరసలో పెట్టేశాను. అతను కిందికి చూశాడు. పెద్ద జత దగ్గర ఒక క్షణం చూపు ఆగింది. తర్వాత చిన్న జత తొడుక్కుని కూర్చున్నాడు. మడమలు రెండు వేళ్ల మేర బయటికున్నాయి.

"మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"రెండుంబావుకు పైకెళ్లిపోయాను. గేటు రిజిస్టరులో ఉంటుంది, చూసుకోండి."

"పోయేవాళ్లను రాయరట."

షుస్తర్ చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే నా మాటే," అన్నాడు క్వాపిల్.

"పంపుల గదికి వెళ్లారా?"

"నెల దాటింది అటు వెళ్లి."

"ఇమ్రిఖ్‌తో ఏమైనా మాట?"

"రాళ్లవాళ్లతో నాకేం మాటలు?"

"మీ జోళ్ల సైజెంత?"

"ఏంటి?"

"నలభై ఆరు ఉంటుంది. పక్కనే పెద్ద జత ఖాళీగా ఉంటే, పిల్లలకు పట్టేది తొడుక్కున్నారేం?"

"చూసుకోలేదు."

"చూశారు. మీరు చెప్పులు చూస్తుంటే నేను మిమ్మల్ని చూస్తున్నాను."

అతను లేచాడు. "ఈయన్ని లోపలికెవరు రానిచ్చారు?" అని షుస్తర్‌ను అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "తాళంచెవి కావాలి, అంతే కదా? ఆఫీసులో ఉంది, తెస్తా," అన్నాడు. జోళ్లు తొడుక్కుని మెట్లెక్కాడు. పది దాటి అయిదు నిమిషాలు.

పది దాటి పది నిమిషాలైంది. అతను రాలేదు.

"తాళం పగలగొట్టు," అన్నాను.

"ఇంజినీరు సంతకం లేకుండా తలుపు ముట్టుకుంటే రేపు నేను వీధిలో ఉంటా," అన్నాడు షుస్తర్. "నీకు పోయేదేముంది? నీ ఇంట్లో నీకోసం చూసేవాళ్లు కూడా లేరు."

"లేరు. రా, ఇమ్రిఖ్ పనిచేసిన చోటు చూద్దాం."

ప్లాట్‌ఫాం మీద మేమిద్దరమే. పనివాళ్లంతా పైన లారీ దగ్గరున్నారు. పాత పలకలు ఊడదీసిన గోడ బోడిగా ఉంది. రైలు వచ్చింది. ఈ స్టేషన్లో ఆగదు, మెల్లగా పోతుంది. కిటికీల్లో మొహాలు, నిండా మొహాలు, ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఒక్కరు కూడా బయటికి చూడలేదు. దీపాలున్న ఇల్లు ఒకటి ఎదురుగా నడిచిపోయినట్టుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు గోడకు ఆనుకుని నిలబడి అలాంటి ఇళ్లను చూశాను. అలవాటు కాలేదు.

చలవరాళ్లు తూర్పువైపు సగం దాకా పరిచి ఉన్నాయి. ఆఖరి వరసలో మూడు రాళ్లు పెట్టి నాలుగోది పెట్టలేదు. పక్కన బొచ్చెలో సున్నం గట్టిపడింది. అందులో తాపీ నిలువునా బిగుసుకుపోయి ఉంది.

"పని నచ్చక పోయేవాడు తాపీని కడిగి తనతో తీసుకుపోతాడు," అన్నాను. "అది వాడి సొంతం. పిడికి తోలు చుట్టుకున్నాడు చూడు."

"తొందరలో మరిచిపోయాడు."

"కొత్త రాయి మీద వీళ్లు ఏం తొడుక్కుని పనిచేస్తారు?"

షుస్తర్ వంగి కొత్త రాయిని వేలితో తడిమాడు. తర్వాత చెప్పాడు. "ఉన్ని జోళ్లు. గీతలు పడకుండా."

"మరి రబ్బరు బూట్లు?"

"విడిచి పక్కన పెట్టుకుంటారు."

"బూట్లు ఇక్కడ పక్కన ఉన్నాయి. ఎవడో వాటిని మోసుకెళ్లి అరలో పెట్టాడు. ఊరి జోళ్లు తీసేశాడు. బిళ్ల మార్చాడు. అంతా సరిగ్గా చేశాడు. కానీ గదిలోకి పోయేముందు, ఎవరూ చూడకుండా చేస్తున్న పనికి కూడా, గుమ్మంలో తన జోళ్లు విడిచాడు. బ్లజెనా నేల పాడవుతుందని. ఇప్పుడు చెప్పు, ఇమ్రిఖ్ ఉన్ని జోళ్లు ఎక్కడున్నాయి?"

వాడు చుట్టూ చూశాడు. అరలో లేవని వాడికి తెలుసు. వాటితో వీధిలోకి ఎవడూ పోడు.

"వాడి కాళ్లకున్నాయి," అన్నాడు మెల్లగా.

పంపుల గది ఇంకా నలభై అడుగులు. ఇనప తలుపు. గొళ్లేనికి కొత్త తాళం. తలుపు పైన గోడలో చిల్లు, అందులోంచి లావుపాటి గొట్టం లోపలికి పోయింది. గొట్టం రెండో కొస పైన వీధిలో లారీకి ఉంది. పది దాటి పదిహేను నిమిషాలు.

సుత్తి ఇనుమును తలుపుకు ఆనించి, కర్ర కొసకు చెవి పెట్టాను. పట్టాలను అలాగే వినేవాళ్లం. రైలు వచ్చింది. రైలు పోయినా దాని మోత ఇనుములో నిమిషంపైగా ఉంటుంది. అది చావాలి. ఇంకో రైలు రాకముందు ఒక అర నిమిషం నిశ్శబ్దం దొరుకుతుంది. ఆ అర నిమిషంలో మూడుసార్లు తట్టాను. విన్నాను. ఏమీ లేదు.

"లేడు," అన్నాడు షుస్తర్.

"మాట్లాడకు."

ఇంకో రైలు వచ్చింది, పోయింది. మళ్లీ తట్టాను. ఏమీ లేదు. రైలు. మోత. మోత చచ్చింది. తట్టాను.

లోపల ఎక్కడో, రాయి మీద రాయి కొట్టినట్టు, ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి.

కర్రను షుస్తర్ చెవికి పెట్టాను. వాడు విన్నాడు. వాడి మొహంలో రంగు పోయింది. రేడియో తీసి అరిచాడు. రేడియో బుస కొట్టింది. అంత లోతున అది పనిచేయదు. పది ఇరవై ఏడు. తల మీద గొట్టం ఒక్కసారి ఉలిక్కిపడింది, పాములా.

"ముందే మొదలెట్టారు!" అన్నాడు.

"పరిగెత్తు."

షుస్తర్ నూట పది కిలోలుంటాడు. నన్ను ఎగతాళి చేసిన ఆ మెట్లను ఎలా ఎక్కాడో నేను చూడలేదు. నేను గోడ వారన పడున్న గునపం తెచ్చి గొళ్లెంలో దూర్చాను. లోపల కాంక్రీటు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది, బరువుగా, తడిగా. మొదటిసారి గునపం జారింది. రెండోసారి నా బరువంతా వేసి వేలాడాను. మూడోసారికి గొళ్లెం ఊడింది. తలుపు లాగాను. అప్పుడే గొట్టం ఆగింది.

లోపల చీలమండ లోతు కాంక్రీటు. పాత పంపు దిమ్మె మీద, గోడకు వీపు ఆనించి, ఒక మనిషి. కాళ్లకు ఉన్ని జోళ్లు. ఒక కాలు పక్కకు వంగి ఉంది. చేతిలో గులకరాయి.

"ఆరిందా?" అన్నాడు. గొంతు గాలిలా ఉంది. ఎవరితో మాట్లాడుతున్నాడో వాడికి తెలియడం లేదు.

కాంక్రీటులో నడిచి వాడి దగ్గరికి వెళ్లాను. బంకకు ఆగని గోడ ఊట నాకి మూడు రోజులు బతికాడు. నా కోటు కప్పాను. వాడి వెనక, సొరంగం వైపు, వరద తలుపు ఉంది. నది మళ్లీ వస్తే సొరంగాన్ని మూయాల్సిన పెద్ద ఉక్కు తలుపు, దాని అంచు ఈ గదిలోంచే కనబడుతుంది. అంచుకు కొత్త రబ్బరు వేసినట్టు తలుపు మీద అంటించిన కాగితం చెబుతోంది. వేలితో గీకాను. కొత్త బూడిదరంగు పెచ్చుగా ఊడింది. కింద పాత రబ్బరు, దాని పగుళ్లలో ఎండిన నది మట్టి.

"ఎవరు?" అన్నాను.

"క్వాపిల్... ఇది చూపించా. బాగుచేయండన్నా. తోశాడు."

ఇంకేదో చెప్పబోయాడు. అప్పటికి లుద్విక్, ఇద్దరు మనుషులు, వాళ్ల వెనక ఊపిరి అందని షుస్తర్ తలుపు దగ్గరికొచ్చారు. ఇమ్రిఖ్ నోరు మూసుకున్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. వాడి వేలు నా ఎముక మీద ఆడింది. మూడుసార్లు. ఆగింది. రెండుసార్లు. చలికి వణుకుతున్నాడనుకున్నాను.

పదిన్నర దాటి పావుగంటకు ఆంబులెన్స్ వాళ్లు మోసుకెళ్లారు. "నా మనిషి, నేను వెళతా," అని లుద్విక్ వెంట ఎక్కాడు. ఎవరూ వద్దనలేదు. వాడికి తోడు ఒక్కడైనా ఉన్నాడని నాకు మంచిగా కూడా అనిపించింది.

కింద గదిలో బ్లజెనా నా కాళ్లకు వేడినీళ్లు పెట్టింది. ఏడవలేదు. వెల్లుల్లి సూపు గిన్నెలో పోసి ముందు పెట్టింది. షుస్తర్ గోడకు చేరగిలబడి, "క్వాపిల్ కారు పది దాటి ఏడుకే గేటు దాటిందట. పోలీసులకు చెప్పా," అన్నాడు. నేను వినడం లేదు. నా వేలు బల్ల మీద దానంతటదే తడుతోంది.

"ఎవరిని సూపుకు పిలుస్తున్నారు?" అంది బ్లజెనా.

"అంటే?"

"అది లుద్విక్ తట్టు కదా. రైళ్ల మోతలో అరుపు వినబడదని ఇనప గొట్టం మీద కొట్టి పిలుస్తాడు. మూడు, ఆగి రెండు. వాడొక్కడే అలా కొడతాడు."

నేను షుస్తర్‌ను చూశాను. వాడు నన్ను చూశాడు.

"కారు పైనే ఉంది, తాతా," అన్నాడు. ఆ తాతా అనడంలో ఎగతాళి లేదు.

ఆస్పత్రిలో లుద్విక్ వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. టోపీ చేతుల్లో ఉంది. నర్సు గదిలోకి రానివ్వలేదట, బంధువులైతేనే అందట. నేను వాడి పక్కన కూర్చున్నాను.

"ఎప్పుడు తట్టావు?"

టోపీని బెంచీ మీద పెట్టాడు.

"బుధవారం పొద్దున. ఊట ఆగిందో లేదో చూడబోయా. తాళం వేసుంది. చేతిలో సుత్తి ఉంటే ఊరికే తట్టా, అలవాటు కొద్దీ. లోపలినుంచి అదే తట్టు తిరిగొచ్చింది."

"తెరవలేదే?"

"తాళంచెవి కోసం ఇంజినీరు దగ్గరికెళ్లా. ఎలుకలన్నాడు. ఎలుకలు మూడూ రెండూ కొట్టవు కదా అన్నా. అప్పుడు చెప్పాడు. ఆ తలుపు తెరిస్తే వరద తలుపు సంగతి బయటపడుతుంది, పని ఆగుతుంది, నీ నలభైమందీ ఇళ్లకే అన్నాడు. నేను చూసుకుంటాలే, నువ్వు పో అన్నాడు. సాయంత్రం తనే తెరుస్తాడనుకున్నా."

"గురువారం?"

"గురువారం తెరిస్తే, నిన్న ఎందుకు తెరవలేదంటే ఏం చెప్పను? గురువారం అటు వెళ్లనే లేదు. ఈరోజు పదిన్నరకు పొయ్యమన్నాడు. నా నోరు సరే అంది."

"ఇక్కడికెందుకొచ్చావు?"

"తెలీదు. మోసుకెళ్తుంటే వాడు నావైపే చూస్తున్నాడు."

షుస్తర్ వాడి భుజం మీద చెయ్యి వేసి లేపాడు. దురుసుగా కాదు. పోలీసులు వచ్చేదాకా ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు.

వాళ్లు లుద్విక్‌ను తీసుకుపోయాక నర్సు కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "బ్రోద్ స్టేషన్ పేషెంటుకు మీరేమవుతారు?"

"ఏమీ కాను."

"మరి ఆయన మీకు తెలుసా?"

"ఎవరు?"

"అన్నగారు. అరగంట కిందట ఫోన్ చేశాడు. ఏ అంతస్తు, ఏ గది అని అడిగాడు. స్పృహలో ఉన్నాడా, మాట్లాడుతున్నాడా అని కూడా. రేపు పొద్దున వస్తానన్నాడు."

"గది చెప్పారా?"

"అన్నగారు కదా. చెప్పాను."

తోబుట్టువులు లేనివాడికి అన్న ఎక్కడిది, క్వాపిల్ ఇంకా దొరకలేదు. షుస్తర్ మళ్లీ పోలీసులకు ఫోన్ చేశాడు. రేపు మనిషిని పంపుతాం, శనివారం కాబట్టి పదకొండు అవుతుందన్నారు. గది మార్చమంటే డాక్టరు, కాలికి బరువు కట్టాం, కదపడానికి లేదన్నాడు. ఆ రాత్రికి షుస్తర్ వరండాలో ఉంటానన్నాడు. నేను ఇంటికెళ్లి, సుత్తి కడిగి, గడియారానికి కీ ఇచ్చి పడుకున్నాను. నిద్ర రాలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆస్పత్రికి వెళ్లి షుస్తర్‌ను ఇంటికి పంపాను. నర్సు కాగితంలో బంధువు పేరు రాసే గడి ఇంకా ఖాళీగానే ఉంది. నా పేరు రాయమన్నాను. ఏమవుతారో కూడా రాయాలంది. అది తర్వాత చూద్దామన్నాను. కుర్చీ తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా వేసుకుని, మెట్ల వైపు తిరిగి కూర్చున్నాను.